ఎండాకాలం ఉత్తరాలు: జొన్న పిలకలు, నిమ్మ, మామిడి, ఇంకా ఒక చేపల పులుసు

ఈ నెల ఉలవపాడు నుంచి ఉదయగిరి దాకా, కనిగిరి నుంచి పొదలకూరు దాకా వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే రకం. కాయ ఎందుకు రాలింది, ఎందుకు పగిలింది, ఎందుకు పుల్లగా ఉంది, రేటెందుకు లేదు. అన్నీ చదివాక చెబుతున్నా, సగం గొడవలు తొందర వల్ల వచ్చినవే. కాయ ముదరకముందే కోయడం, నెల రోజుల నీళ్లు ఒక్కరోజే పెట్టేయడం, మేత ఎదగకముందే గొడ్లను తోలేయడం. ఉత్తరాలు వచ్చిన వరస పక్కన పెట్టి, పశువు ప్రాణానికి సంబంధించిన దానికి ముందు జవాబిస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది పామూరు దగ్గర మెట్ట పొలం. మేతకని వేసిన జొన్న ఒకసారి కోశాం, ఆ తర్వాత నీళ్లు లేక ఎండిపోయింది. మొన్న ఒక జల్లు పడితే మోళ్ల నుంచి జానెడు పిలకలు పచ్చగా లేచాయి. గడ్డి లేక గొడ్లు అల్లాడుతున్నాయి, తోలమంటారా? మా నాయన ‘నాము తగులుద్ది’ అంటాడు. అది నిజమా, పాతకాలం భయమా?

జవాబు: మీ నాయన మాట విను తమ్ముడూ, నూటికి నూరుపాళ్లు నిజం. లేత జొన్నలో, అందులోనూ బెట్టకు వాడి మళ్లీ చిగిర్చిన పిలకల్లో ఒక పదార్థం ఎక్కువగా ఉంటుంది. పశువు నమిలి మింగాక అది పొట్టలో హైడ్రోసయనిక్ ఆమ్లంగా మారుతుంది, అంటే సయనైడే. నాము అనేది ఈ విషాన్నే. మామూలుగా నెమరు వేస్తూ నిదానంగా తినే గొడ్డుకు కొంత తట్టుకునే శక్తి ఉంటుంది కానీ, ఆకలి మీదున్నది గబగబా మేసేస్తుంది కాబట్టి కొన్ని నిమిషాల్లోనే ఆయాసం, నోట్లోంచి చొంగ, తూలుడు మొదలై కింద పడి కాళ్లు కొట్టుకుంటుంది. అలా కనబడితే పసుపు నీళ్లూ చింతపండు రసం అంటూ టైం పోగొట్టుకోవద్దు. పడిపోయిన పశువు గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే పశువుల అంబులెన్సుకు, 1962కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు దగ్గర్లో పశువుల డాక్టరు ఎవరుంటే వాళ్లను పిలవండి. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే బతికే అవకాశం ఉంది, అదీ వేళకు అందితేనే.

ఆ పైరును పారెయ్యక్కర్లేదు. పూతకొచ్చేదాకా ఆగి కోస్తే విషం బాగా తగ్గుతుంది, లేదంటే కోసి ఎండలో గలగలలాడేదాకా ఎండబెట్టి వేయండి. అప్పటిదాకా వరిగడ్డి, వేరుశనగ కట్టె. మీ వైపు సుబాబుల్ ఉంటుంది కదా, అది కూడా వేయొచ్చు, కాకపోతే మొత్తం మేతలో మూడో వంతుకు మించనీయకండి, దానికీ ఒక తంటా ఉంది, ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి. పక్కింటివాళ్ల గొడ్లు కట్టు తెంచుకుని ఆ చేలోకి పోకుండా కంప అడ్డం వేయడం మరిచిపోకు.

ప్రశ్న: అక్కా, పొదలకూరు దగ్గర మాకు రెండెకరాల నిమ్మతోట. వానాకాలం, చలికాలం చెట్టు నిండా కాయ, కోత కూలి కూడా రాదు. ఏప్రిల్, మేలో రేటు చూస్తే ప్రాణం లేచొస్తుంది, చెట్టు చూస్తే ఖాళీ. ఉన్న నాలుగు కాయలూ పగిలిపోతున్నాయి. ఎండాకాలం కాపు పట్టాలంటే ఏం చేయాలి?

జవాబు: నిమ్మ రైతు ఎవరైనా ఏడాదికొకసారి అడిగే ప్రశ్నే ఇది, నేను కూడా ఏడాదికొకసారి అదే జవాబు చెబుతుంటాను అన్నా. పూతకూ కోతకూ మధ్య అయిదారు నెలలు పడుతుంది. అంటే ఏప్రిల్‌లో కోయాలంటే అక్టోబరు, నవంబరులో పూత ఉండాలి. దీన్నే హస్త బహార్ అంటారు. ఆ పూత రావాలంటే అంతకుముందు కొన్ని వారాలు నీళ్లు ఆపి చెట్టును బెట్టకు తేవాలి, ఆకు కాస్త వాలి ముడుచుకున్నాక ఎరువు వేసి తడివ్వాలి. చెప్పడానికి రెండు ముక్కలే. కానీ మనం ఉన్నది నెల్లూరు. తెలంగాణకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడేవే పెద్ద వానలు, మనకేమో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో పడేవే ఎక్కువ. చెట్టు ఎండాల్సిన వేళ తడుస్తుంది, పూత నిలవాల్సిన వేళ తుపాను. మోటారు కట్టేయడం మన చేతిలో ఉంది, వాయుగుండాన్ని ఎవరు కట్టేస్తారు?

2021 నవంబరు వరదలు గుర్తున్నాయి కదా, పెన్న పొంగి ఊళ్లు మునిగినప్పుడు. ఆ వానలకు దెబ్బతిన్న పూతే 2022 ఏప్రిల్‌లో కాయ కావాల్సింది. ఆ ఏప్రిల్‌లోనే నగరాల్లో కిలో నిమ్మకాయలు రెండు వందలు దాటి వార్తల్లోకెక్కాయి. చదివిన వాళ్లంతా నిమ్మ రైతు కోటీశ్వరుడైపోయాడనుకున్నారు, చెట్ల మీద కాయే లేదన్న సంగతి ఎవరికి పట్టింది! ఆ రేటు అలా ఉండటానికి కారణమే ఆ కాపు అందరికీ పట్టకపోవడం.

అలాగని ప్రయత్నం మానుకోమనను. జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం కొడితే ఆ పూత అణిగి చెట్టు సత్తువ మిగులుతుంది, సెప్టెంబరులో సైకోసెల్ కొడితే ఆకు పెరుగుదల ఆగుతుంది, అక్టోబరులో పొటాషియం నైట్రేట్ పూతను లేపుతుంది. ఇదీ నిమ్మ పరిశోధన చేసేవాళ్లు చెప్పే పద్ధతి. మోతాదు మాత్రం వెంకటగిరి దగ్గర పెట్లూరు పరిశోధన స్థానం వాళ్లనడిగి కాగితం మీద రాయించుకోండి, మందుల షాపు అబ్బాయి చేతికొచ్చినంత కాదు. రెండెకరాలూ ఒకేసారి పెట్టకండి. కాస్త ఎత్తుగా, నీళ్లు నిలవని ఇసుక నేల ఉన్న మూల చూసి పావు వంతు చెట్లకే చేయండి. చిన్న చెట్లనూ, ఇప్పటికే జబ్బుతో ఉన్నవాటినీ బెట్టకు తేవద్దు, అవి కోలుకోవు. తోటలో సందులు పూడ్చేటప్పుడు బాలాజీ రకమో, పెట్లూరు సెలక్షన్-1 రకమో చూసుకోండి. బాలాజీకి గజ్జి తెగులును తట్టుకునే గుణం ఉంది.

ఇక పగుళ్ల సంగతి. దీనికి అసలు మందు నీళ్లు పెట్టే పద్ధతే. నేల నెర్రెలిచ్చేదాకా వదిలేసి, కరెంటు వచ్చిందని ఒక్కరోజే పాదులు నిండా తోడేస్తే, ఎండకు బిగిసిపోయిన తొక్క సాగలేదు, లోపల రసం ఒక్కసారిగా ఉబ్బుతుంది, కాయ నిలువునా చీలుతుంది. కొద్దికొద్దిగా, ఎడం తక్కువగా తడపండి. డ్రిప్ ఉంటే రోజూ ఇవ్వండి. పాదు చెట్టు మొదలుకు ఆనకూడదు. మొదలు చుట్టూ అడుగు మేర మట్టి ఎగదోసి, కొమ్మల నీడ అంచు కింద గుండ్రంగా పాదు తీయండి, మొదట్లో నీళ్లు నిలిస్తే బంక తెగులు వస్తుంది. పాదులో వేరుశనగ పొట్టో ఎండుటాకులో నాలుగు వేళ్ల మందాన కప్పండి. మధ్యాహ్నం రెండింటికి ఆ ఆకులు ఎత్తి కింద మట్టి చేత్తో పట్టి చూడండి, పక్కన బోడి నేలకూ దానికీ తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: కావలిలో ఉంటాం అక్కా. హైవే పక్కన కొన్న బంగినపల్లి కాయలు పసుపు పచ్చగా మెరిసిపోతున్నాయి, కోస్తే తెల్లగా, పుల్లగా ఉన్నాయి. కార్బైడ్ అంటారా? ఇంట్లోనే మగ్గబెట్టుకోవడం ఎలా?

జవాబు: కార్బైడ్ కావచ్చు, పక్వానికి రాని కాయ కావచ్చు, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి. సీజన్ మొదట్లో రేటు బాగుంటుందని పిందె ముదరకుండానే కోసేస్తారు, అలాంటి కాయను ఏ మందు పెట్టినా రంగు తిరుగుతుంది తప్ప తీపి రాదు. కాల్షియం కార్బైడ్‌తో మగ్గించడం మన దేశంలో నిషేధం, దాన్నుంచి వచ్చే గ్యాసుతో పాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటి మలినాలు కూడా వస్తాయి. ఇథిలీన్ గ్యాసుతో గదుల్లో మగ్గించడానికి మాత్రం 100 పీపీఎం దాకా, అంటే పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్ల దాకా అనుమతి ఉంది, కాయ తనంతట తాను మగ్గేటప్పుడు వదిలేదీ ఆ ఇథిలీనే కాబట్టి దానికి భయపడక్కర్లేదు. కొనేటప్పుడు రంగు చూడకండి, తొడిమ దగ్గర ముక్కు పెట్టి చూడండి. వాసన లేని పసుపు పండును నేనైతే ముట్టుకోను.

పచ్చికాయ కొని మీరే మగ్గబెట్టుకోవడం ఉత్తమం. ముదిరిన బంగినపల్లికి తొడిమ రెండు పక్కలా భుజాలు లేచి, తొడిమ గుంటలోకి దిగినట్టుంటుంది. పచ్చదనం కొంచెం వెలిసి చుక్కలు తేలతాయి. బకెట్ నీళ్లలో వేస్తే మునుగుతుంది, తేలిందంటే లేత. మా ఉలవపాడు వైపు తోటల్లో అయితే చిక్కం వేసి, రెండు వేళ్ల తొడిమ ఉంచి కోస్తాం. తర్వాత తొడిమ కత్తిరించి కాయను బోర్లించి కాసేపు ఉంచితే సొన కారిపోతుంది. ఆ సొన తొక్క మీద పడితే అక్కడ నల్లగా కాలిపోతుంది, మీరు పండు మీద చూసే నల్లటి చారల్లో చాలావరకు అవే. గాలాడే గదిలో వరిగడ్డి పరిచి, కాయలు ఒకదానికొకటి తగలకుండా పేర్చి, పైన మళ్లీ గడ్డి కప్పండి. తొందరగా కావాలంటే మధ్యలో రెండు పండిన అరటిపళ్లు పెట్టండి. రోజూ తీసి చూడాలి, ఒక్క కాయ కుళ్లినా పక్కవాటికి అంటుకుంటుంది. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెట్టేవాళ్లున్నారు, దయచేసి వద్దు.

ప్రశ్న: గాలిదుమారానికి మా నలభై చెట్లలో కాయ సగం రాలిపోయింది అక్కా. రాలినవి ఏం చేసుకోవాలి? కొన్ని కోస్తే లోపల తెల్ల పురుగులు.

జవాబు: చాలా బాధ. రాలిన కాయతో ఆవకాయ మాత్రం పెట్టకండి, దెబ్బ తగిలిన చోట మెత్తబడి జాడీ మొత్తం బూజు పట్టిస్తుంది. అదే రోజు ఏరి, దెబ్బ ఉన్న భాగం కోసేసి, మిగతాది ముక్కలు చేసి ఉప్పు రాసి ఎండబెడితే మామిడి ఒరుగులవుతాయి, ఏడాది పొడవునా పప్పులోకి చింతపండు బదులు వాడుకోవచ్చు. మిగిలినవి ఊళ్లో పంచేయండి.

పురుగులున్నవి పండు ఈగ పని. ముదురుతున్న కాయ తొక్కలో సూదితో గుచ్చినట్టు గుడ్లు పెడుతుంది. కాయ రాలాక పురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశకు పోయి, మళ్లీ ఈగై మిగిలిన కాయ మీద పడుతుంది. కాబట్టి చెట్ల కింద ఒక్క కాయ ఉండనివ్వకండి, రెండడుగుల గొయ్యి తీసి పూడ్చండి. దిబ్బ మీద పారేస్తే ఈగల్ని పెంచినట్టే. మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు చెట్లకు వేలాడదీస్తే మగ ఈగలు అందులో పడతాయి. ఇది మీ ఒక్క తోటలో చేస్తే సగం ఫలితమే, పక్క తోట వాళ్లతోనూ మాట్లాడండి. కోతలన్నీ అయ్యాక చెట్ల మధ్య ఒక దుక్కి దున్నితే మట్టిలో ఉన్నవి ఎండకూ కాకులకూ పోతాయి.

ప్రశ్న: పుచ్చకాయకు రంగు ఇంజెక్షన్ చేస్తున్నారని వాట్సాప్‌లో వీడియో చూశాం. పిల్లలకు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: కాయకు సూది గుచ్చితే ఆ చిల్లులోంచి గాలి, సూక్ష్మజీవులు పోయి అది త్వరగా కుళ్లిపోతుంది, బండి మీద వారం పెట్టి అమ్ముకునేవాడు తన సరుకు తనే ఎందుకు పాడు చేసుకుంటాడమ్మా? అంతగా అనుమానముంటే కోసిన ముక్క మీద దూది రుద్దండి, దూది గట్టి ఎరుపు తిరిగితే పారేయండి. నేల మీద ఆనిన మచ్చ తెల్లగా కాక మీగడ పసుపులో ఉన్న కాయ ఏరుకోండి. అసలు భయపడాల్సింది కోసి, ఈగలు ముసురుతుంటే ఎండలో పెట్టి అమ్మే ముక్కలకి.

ప్రశ్న: అక్కా, మాది కొత్తపట్నం, సముద్రం పక్కనే. మజ్జిగ మిరపకాయలు ఎంత ఎండబెట్టినా మెత్తబడి బూజు పడుతున్నాయి. ఎండ మాత్రం మాడ్చేస్తోంది!

జవాబు: ఎండ ఉంది, కానీ మీ గాలిలో తేమ కూడా ఉంది. పొద్దెక్కాక సముద్రం మీద నుంచి గాలి తిరిగిందంటే ఆరబెట్టినవి మళ్లీ చెమ్మ పట్టడం మొదలవుతుంది, మీరేమో సాయంత్రం పనులన్నీ అయ్యాక ఏడింటికి ఎత్తుతారు. తెల్లారగానే పరిచి, మూడింటికల్లా ఎత్తేయండి. నేల మీద చాప కాకుండా మంచానికి పాత చీర కట్టి దాని మీద పోస్తే కింద నుంచి కూడా గాలి తగులుతుంది. మజ్జిగ బాగా పులిసిందై ఉండాలి, ఉప్పు మీరనుకున్న దానికంటే కాస్త ఎక్కువే వేయండి, ఈ రోజుల్లో అందరూ బీపీ అని ఉప్పు తగ్గించి, తర్వాత బూజు వచ్చిందని ఏడుస్తారు. రాత్రి మజ్జిగలో, పగలు ఎండలో, ఆ మజ్జిగ మొత్తం కాయ పీల్చేదాకా. చివర్లో చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గింజ గలగలమనాలి. అప్పుడే వేడి పూర్తిగా చల్లారాక డబ్బాలో పోయండి. వేడి మీద మూత పెడితే ఆ ఆవిరి చాలు.

ప్రశ్న: హైదరాబాదులో ఉద్యోగం అక్కా. మే నెలలో పిల్లల్ని కందుకూరు దగ్గర మా తాతగారి ఊరికి పంపాలని. ఎనిమిదేళ్లు, పదకొండేళ్లు. ఎండకు భయమేస్తోంది, పంపొచ్చా?

జవాబు: పంపు నాయనా, పల్లెలో పిల్లలకు ఎండాకాలాన్ని మించిన కాలం లేదు. కాకపోతే తాతగారిని నమ్మి నాలుగు సంగతులు ముందే చెప్పి పంపు. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదిన్నర దాకా తోటలో, చేలో ఎంతైనా తిరగనివ్వు, పదకొండు నుంచి నాలుగు దాకా పందిరి కిందో ఇంట్లోనో ఉండాలి. దాహమని అడిగేదాకా ఆగకుండా మజ్జిగ, నిమ్మరసం, రాగి అంబలి తాగిస్తూ ఉండాలి. ఆటలో చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోతూ పిల్లాడు తికమకగా మాట్లాడితే అది వడదెబ్బ. నీడకు తెచ్చి తడిబట్టతో ఒళ్లంతా తుడుస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి, స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. బావి దగ్గరికీ, చేపల గుంట దగ్గరికీ పెద్దవాళ్లు తోడు లేకుండా వద్దు.

రాత్రి అరుగు మీద చాప పరిచి పడుకోబెట్టడం మన అలవాటు, చల్లగా ఉంటుందని. కట్లపాము తిరిగేది రాత్రుళ్లే, కింద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. మంచం, దాని మీద పరుపు కిందికి దోపిన దోమతెర. ఇది బతిమాలి చెబుతున్నా.

ఇక ముంజలు. అంగడి దాకా వచ్చినవి కాదు, పొద్దున్నే చెట్టు దగ్గర కొట్టించి తినిపించాలి. కాయ తల చెక్కగానే మూడు కళ్లు కనబడతాయి, బొటనవేలు గుచ్చి లేపితే లోపల నీళ్లు చిమ్మి మొహాన పడతాయి, పిల్లలకు అసలు ఆనందం అక్కడే. నీళ్లుండి వణుకుతున్న లేత ముంజ ఎన్ని తిన్నా ఫర్వాలేదు, వేలికి గట్టిగా తగిలే ముదురు ముంజ తింటే కడుపు నొప్పి ఖాయం. చెట్టు ఎక్కేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ లేరు, తాతగారిని ముందే కనుక్కుని పెట్టమను. రోహిణి కార్తె ముదిరేలోపు పంపితే మంచిది, మే ఆఖరికి ముంజలు తగ్గుతాయి, ఎండలకు రోళ్లు పగిలేదీ అప్పుడే.

ప్రశ్న: బెంగళూరు నుంచి రాస్తున్నాం. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ఏది వేయాలి, ఎప్పుడు వేయాలి? మేము తోతాపురి వేస్తే తియ్యగా వచ్చింది.

జవాబు: తోతాపురి వేస్తే తియ్యగా రాక ఏమొస్తుంది! పుల్లటి నాటు కాయ కావాలి, దొరక్కపోతే బాగా పచ్చిగా ఉన్న బంగినపల్లి. మామిడి వేసే రోజు చింతపండు సగానికి తగ్గించండి. ఇంకో సంగతి, మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. అంటే మామిడి వచ్చే వేళకు సముద్రపు చేప తక్కువ, ఐసులో దాచిందే ఎక్కువ. అందుకని ఈ రెండు నెలలు చెరువు చేపకే ఓటు వేయండి, కొర్రమీను దొరికితే అదృష్టం, లేకపోతే బొచ్చె. పులుసు బాగా మరిగి నూనె తేలాక చేప ముక్కలు, ఆ తర్వాత అయిదు నిమిషాలకు టెంకతో సహా నిలువుగా కోసిన మామిడి ముక్కలు. గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. రాత్రి వండి పొద్దున తినాలంటే మట్టి దాకలోనే ఉంచి, చల్లారాక మూత పెట్టండి.